శిశువు తొలి యూపిరి: వైద్యురాలు మేరీ ఎలెన్ ఏవరీ పరిశోధనలు

బిడ్డ నేలబడిన క్షణమున పురిటిగది వెలుపల నిలిచియున్న వారందఱును చెవియొగ్గి వినగోరునది యొక్క యేడుపు. ఆ యేడుపు వినబడెనా, తాతగారు గడియారము చూచి జన్మకాలము వ్రాసికొందురు. నాయనమ్మగారు ఇలవేల్పునకు మ్రొక్కుకొందురు. ఏడుపు సంతోషమునకు గుర్తగుట మనుజుని జీవితమున ఆ యొక్క ఘడియయందే కదా! అయితే ఆ తొలి యేడుపు కొఱకు పసికందు ఎంత పాటుపడవలయునో, నెలలు నిండని బిడ్డకు ఆ పాటు ఏల ప్రాణాంతకమగునో, దాని మర్మమును విడదీసి లోకమునకు చూపిన వారెవ్వరో మన సోదరీమణులలో పెక్కుమందికి తెలియదు. చూపినది ఒక స్త్రీ. అమెరికాదేశపు వైద్యురాలు మేరీ ఎలెన్ ఏవరీ. 1927వ సంవత్సరమున జన్మించి 2011వ సంవత్సరమున గతించిన యీమె పరిశోధనలను గూర్చి మాకు తెలిసినంతవఱకు ఈ నెల పాఠకురాండ్రకు విన్నవించుచున్నాము.

ముందుగా మన యిండ్లలోని యొక మాటను ప్రస్తావింపవలసియున్నది. ఏడవ మాసమున పుట్టిన బిడ్డయైన బ్రతుకును గాని ఎనిమిదవ మాసమున పుట్టినది బ్రతుకదని పెద్దలందురు. ఇది వట్టి పుక్కిటి మాట కాదు. మేము బాల్యమున తండ్రిగారియొద్ద సంస్కృతము చదువుకొనునపుడు చరకసంహిత శారీరస్థానమున దీనికి మూలము కనబడినది. ఎనిమిదవ నెలలో ఓజస్సు తల్లినుండి గర్భమునకును, గర్భమునుండి తల్లికిని మాటిమాటికి సంచరించుచుండుననియు, అందువలన ఆ మాసమున ప్రసవము అపాయకరమనియు అందు చెప్పబడినది. పూర్వులయెడ మాకు గల గౌరవము తక్కువది కాదు. అయినను ఈ విషయమున ఆ మాట నేడు నిలువదు. నిలువకపోవుటయే కాదు, దానిని నమ్మి చేతులు ముడుచుకొని కూర్చుండుటచే దక్కవలసిన బిడ్డలు దక్కకపోవుచున్నారు. ఎందుకు నిలువదో ఏవరీ పరిశోధనలు తెలిసినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఈమె న్యూజెర్సీ రాష్ట్రమున కామ్డెన్ అను పట్టణమున పుట్టెను. పొరుగింట ఎమిలీ బేకన్ అను శిశువైద్యురాలు ఉండెడిది. ఆ కాలమున వైద్యవిద్య నభ్యసించిన స్త్రీలు అచ్చటను బహుస్వల్పము. బేకన్ గారు ఈ బాలికను వెంటబెట్టుకొని ఆసుపత్రికి పోయి, నెలలు నిండక పుట్టిన శిశువును చూపెను. పొరుగింటి పిల్లకు మిఠాయి పెట్టువారు కలరు, బొమ్మ నిచ్చువారు కలరు. ఇట్టి దానిని చూపువారు అరుదు. అది మొదలు ఆ బాలిక మనసు వైద్యముపై నిలిచినది. 1948లో వీటన్ కళాశాలయందు రసాయనశాస్త్రమున పట్టము పొంది, 1952లో బాల్టిమోరు నగరపు జాన్స్ హాప్కిన్స్ వైద్యకళాశాలనుండి వైద్యపట్టమును గైకొనెను. పట్టము చేతికి వచ్చిన కొలదికాలమునకే క్షయవ్యాధి సోకినట్లు తేలెను. కొన్ని నెలలు మంచముపై విశ్రమింపవలసివచ్చెను. రోగియై పరుండినవారికి తమ యూపిరి తమకు వినబడును. తాను రోగము పడిన ఊపిరితిత్తులే తన విద్యకు విషయము కావలయునని ఆమెకు తోచుటలో వింత లేదు.

ఇక ఊపిరితిత్తుల సంగతి. తిత్తి యను పేరు విని కమ్మరి కొలిమితిత్తివంటి ఖాళీసంచి యని మనము తలచెదము గాని, లోపల చూచినయెడల అది తేనెపట్టును పోలియుండును. కోట్లకొలది మిక్కిలి చిన్న గాలిబుడగలు అందు కలవు. ఒక్కొక్క బుడగ గోడయును లోపలివైపు పలుచని తడితో కూడియుండును. గర్భమందున్నంతవఱకు ఆ బుడగలనిండ ద్రవమే యుండును. ప్రాణవాయువు తల్లి రక్తమునుండి మావి ద్వారా వచ్చును గనుక శిశువునకు ఊపిరితో పనిలేదు. భూమిపై బడిన కొన్ని నిమిషములలో ఆ ద్రవము తొలగి, గాలి ప్రవేశించి, బుడగలు విచ్చుకొనవలయును. ఇందులోనే చిక్కు.

తడి యనునది ముడుచుకొనగోరు వస్తువు. రెండు అద్దపుపలకలను తడిపి ఒకదానిపై నొకటి యుంచి విడదీయ జూడుడు. ఎంత బలము కావలయునో తెలియును. తడిసిన చీర మడతలు ఒంటికంటుకొనుట మనకందఱకును అనుభవమే. నీటి యుపరితలమునకు గల యీ బిగింపే గాలిబుడగలను లోనికి లాగి మూసివేయ జూచును. మఱియొక విశేషము, బుడగ ఎంత చిన్నదో దాని బిగింపు అంత తీవ్రము. కావున చిన్నబుడగలు తమలోని గాలిని పెద్దవానిలోనికి త్రోసి తాము మూతపడవలసియుండును. మఱి మనము ఇన్నేండ్లుగా ఊపిరి పీల్చుచు ఎట్లు బ్రతికియున్నాము?

ఇందుకు సమాధానము మన పెరటి కుంకుడుచెట్టు చెప్పగలదు. వట్టి నీటిని ఎంతసేపు చిలికినను నురుగు నిలువదు. నాలుగు కుంకుడుకాయలు కొట్టి నానవేసి పిసికినచో గిన్నెనిండ నురుగు లేచును, లేచిన నురుగు చాలసేపు నిలుచును. ఏలన, కుంకుడురసము నీటి బిగింపును సడలించును. సరిగా ఇట్టి పనిచేయు పదార్థమొకటి ఊపిరితిత్తులలోనే పుట్టుచున్నది. అది ముఖ్యముగా క్రొవ్వుజాతికి చెందిన లెసిథిన్ అను ద్రవ్యము, కొన్ని మాంసకృత్తులతో కలసినది. దానిని వైద్యులు సర్ఫాక్టెంట్ అందురు. గాలిబుడగల గోడలందున్న ఒక తెగ కణములు దానిని తయారుచేయును. అవి గర్భము ఇరువదినాలుగు వారములు దాటునప్పటికి పనికి పూనుకొనును. ముప్పదినాలుగు, ముప్పదియైదు వారములకు గాని చాలినంత ద్రవ్యము కూడదు.

ఈ జ్ఞానము ఒక్కనాడు కలిగినది కాదు. 1929లోనే స్విట్జర్లండునందు కుర్ట్ ఫాన్ నేర్గార్డ్ అను వైద్యుడు జంతువుల ఊపిరితిత్తులను ఒకమాఱు గాలితోను, మఱియొకమాఱు ద్రవముతోను నింపిచూచి, గాలితో నింపుటకే ఎంతో హెచ్చు బలము కావలసివచ్చుచున్నదని కనుగొనెను. నవజాతశిశువుల తొలి యూపిరికి ఇది అడ్డుతగులునేమో యనికూడ వ్రాసెను. ఆ వ్రాతను పాతికయేండ్లు ఎవ్వరును పట్టించుకొనలేదు. పిదప పట్టించుకొన్నది ఎవరు? యుద్ధములలో వాడెడు విషవాయువులు ఊపిరితిత్తులను ఎట్లు పాడుచేయునో పరీక్షించు శాస్త్రజ్ఞులు! ఇంగ్లండునందు పోర్టన్ డౌన్ అను చోట రిచర్డ్ పాటిల్ ఊపిరితిత్తులనుండి తీసిన నురుగుబుడగలు గంటలకొలది పగులకుండుట చూచి 1955లో ప్రకటించెను. అమెరికాలో బాల్టిమోరుకు సమీపమున ఎడ్జివుడ్ అను సైనిక రసాయనకేంద్రమున జాన్ క్లెమెంట్స్ తాను స్వయముగా అమర్చుకొన్న యొక త్రాసుతో ఊపిరితిత్తుల రసము నీటి బిగింపును ఎంత తగ్గించునో కొలిచి 1957లో తెలిపెను. పాలకడలి చిలికినపుడు ముందు హాలాహలమే పుట్టెనని విన్నాము. ఇక్కడ హాలాహలము కొఱకు చిలుకగా పసిబిడ్డల పాలిటి యమృతము పైకి వచ్చినది.

అయినను ఆ శాస్త్రజ్ఞుల చేతిలో రోగి లేడు. వైద్యుల చేతిలో రోగులున్నారు గాని యీ శాస్త్రము లేదు. రెంటిని కలిపినది ఏవరీ.

1957లో ఈమె బోస్టను నగరమునకు వచ్చి, హార్వర్డునందు జెరీ మీడ్ అను శ్వాసశాస్త్రజ్ఞునియొద్ద పరిశోధన సాగించుచు, ప్రసూతి ఆసుపత్రిలో నవజాతశిశువులను పరీక్షించుచుండెను. ఆ కాలమున నెలతక్కువ శిశువులను హరించుచుండినది హయలైన్ పొర వ్యాధి యనబడునది. అట్టి బిడ్డ పుట్టినపుడు ఏడ్చును, చూచుటకు బాగుగనే యుండును. కొలది గంటలలో ఊపిరి వేగమగును, ప్రక్కటెముకలు లోనికి లాగుకొనిపోవును, ప్రతి యూపిరికిని మూలుగును, పెదవులు నీలివర్ణమగును. రెండుమూడు దినములు గడిచినచో బ్రతుకుట, గడువనిచో పోవుట. అమెరికాలోనే ఏటేట సుమారు పదివేలమంది శిశువులు ఇట్లు పోవుచుండిరి. పోయిన శిశువుల ఊపిరితిత్తులను కోసి సూక్ష్మదర్శినితో చూచినచో గాలిబుడగలలో గాజువలె మెఱయు నొక పొర కనబడెడిది. కావున వైద్యులందఱును ఆ పొర యెచ్చటినుండి వచ్చెనని వెదకుచుండిరి. శిశువు గర్భోదకమును మ్రింగెననువారు కొందఱు, పాలు ఊపిరితిత్తులలోనికి పోయెననువారు కొందఱు. దొంగ యింటిలో ఏమి వదలిపోయెనో దానినే అందఱును తిరుగవేయుచుండిరి. ఇంటిలో ఏమి పోయినదో చూచిన వారు లేరు.

ఏవరీ గమనించిన దిది. ఈ వ్యాధితో పోయిన శిశువుల ఊపిరితిత్తులు కార్జమువలె గట్టిగ నుండును. వానిలో గాలి లేదు, నురుగును లేదు. ఇతరకారణములచే పోయిన శిశువుల ఊపిరితిత్తులలో నురుగు కనబడును. నురుగు నిలుపు ద్రవ్యమే లేకపోయినచో? ఈ ప్రశ్నతో ఆమె ఎడ్జివుడ్‌నకు పోయి క్లెమెంట్స్ గారి త్రాసును చూచి, ఆ విధానమును నేర్చుకొని, బోస్టనుకు మరలివచ్చి అట్టిదానినే అమర్చుకొనెను. రెండు తెగల శిశువుల ఊపిరితిత్తుల రసమును ప్రక్కప్రక్కన కొలిచెను. వ్యాధిచే పోయిన వారి రసము నీటి బిగింపును సడలింపజాలకుండెను. మిక్కిలి నెలతక్కువ శిశువులలోను అట్లే యుండెను. పెద్ద శిశువుల రసము చక్కగా సడలించెను. 1959లో ఏవరీ, మీడ్ గార్లు ఈ ఫలితమును ప్రకటించిరి. అప్పటి కామెకు ముప్పదిరెండేండ్లు. వ్యాధికి కారణము లోపలనున్న పొర కాదు, లోపల లేని ద్రవ్యము. పొర తరువాత ఏర్పడినది మాత్రమే.

ఇచ్చట ఒక్క మాట చెప్పక ముందుకు సాగలేము. ఆ త్రాసుపై తూగినవి యెవరో తల్లుల బిడ్డల ఊపిరితిత్తులు. పరిశోధనపత్రమున ఆ తల్లుల పేర్లు ఉండవు. కడుపుకోత పడిన నాడే, ఇంకొక తల్లికి ఇది రాకుండుగాక యని తలచి ఒప్పుకొనుట ఎంత కష్టమో స్త్రీలకు వేఱుగ చెప్పనేల?

ఇంత తెలిసిన తరువాత కథ సుఖాంతమైనదని తలపరాదు. కారణము తెలియుటకును మందు దొఱకుటకును నడుమ ముప్పది యేండ్లు గడిచెను. 1963 ఆగస్టు 7వ తేదీన అమెరికా అధ్యక్షుడు కెన్నెడీగారికి ఒక కుమారుడు అయిదున్నర వారములు ముందుగా జన్మించెను. బరువు రెండు కిలోలకు పైగానే యుండెను. పేట్రిక్ అని పేరుంచిరి. ఈ వ్యాధియే సోకెను. బోస్టనులోని శిశువుల ఆసుపత్రికి చేర్చి, ఒత్తిడిగల ప్రాణవాయువు గదియందుంచినను ముప్పదితొమ్మిది గంటలకు ఆ శిశువు గతించెను. సామ్రాజ్యములను శాసింపగల యింటికే గతి యట్లున్నపుడు తక్కిన యిండ్లమాట చెప్పనేల? ఆ మరణముతో దేశమంతటను ఈ వ్యాధిపేరు వినబడెను.

లేని ద్రవ్యమును బయటినుండి ఇచ్చినచో సరిపోవునుగదా యని ఎవ్వరికైనను తోచును. క్లెమెంట్స్ మొదలగువారు సింగపూరునందు లెసిథిన్ పొడిని ఆవిరిగాచేసి శిశువులచే పీల్పించిరి. 1967లో వెలువడిన ఆ ఫలితము నిరాశయే. ఆ ద్రవ్యము ఒంటరిగా తడిపై వ్యాపింపదనియు, దానితోకూడ మాంసకృత్తులుండవలెననియు పిమ్మట తెలిసెను. మందు మరల మూలబడెను.

ఈలోపల శిశువు మూలుగే వైద్యులకు గురువైనది. నెలతక్కువ శిశువు మూలుగుట నొప్పిచే గాదు. కంఠము సగము మూసి గాలిని లోపల నిలుపుకొని, బుడగలు పూర్తిగా మూతపడకుండ తన్ను తాను కాపాడుకొనుచున్నది! దీనిని గ్రహించి 1971లో సాన్‌ఫ్రాన్సిస్కోలో జార్జి గ్రెగరీ అను వైద్యుడు ఊపిరిమార్గమునందు ఎల్లప్పుడు కొంత ఒత్తిడి నిలుచునట్లు గాలి నిచ్చు పద్ధతిని ప్రకటించెను. ఇరువదిమంది శిశువులలో పదాఱుగురు బ్రతికిరి.

ఆ మూలుగు సంగతి మేము చదువుచున్నపుడు మా వీధిలోని యొక యిల్లాలి విషయము జ్ఞప్తికి వచ్చినది. ఎనిమిదవ నెలలో ఆమెకు ఇంటియొద్దనే ప్రసవమాయెను. బిడ్డ రెండు గంటలనుండి సన్నగ మూలుగుచుండగా, ఇంటిలోని పెద్దామె, “అమ్మకూచి కూనిరాగము తీయుచున్నది, నిద్రపోనిండు” అనెను. మఱియొకరు, ఎనిమిదవ నెల బిడ్డ, పట్టణమునకు మోసికొనిపోయి మాత్రము ఏమి లాభమనిరి. పచ్చి బాలెంతరాలు లేచి కూర్చుండి, “మీరు రాకున్న నేనే పోయెదను” అనిన పిమ్మట బండి కదలెను. జిల్లా ఆసుపత్రిలో పదునెనిమిది దినములుంచి పంపిరి. ఆ పిల్ల ఇప్పుడు మావారి పాఠశాలలో రెండవతరగతి చదువుచున్నది. ఆమె చదువుకన్న అల్లరియందే హెచ్చు నేర్పరి యని మావారి ఫిర్యాదు.

ఇక పుట్టకమునుపే చేయదగిన చికిత్స. న్యూజీలండునందు ఆక్లండు నగరమున గ్రాహము లిగిన్స్ అను వైద్యుడు ప్రసవవేదన ఎట్లు ఆరంభమగునో తెలిసికొనుటకు గొఱ్ఱెలపై పరీక్షలు చేయుచుండెను. గర్భస్థమైన గొఱ్ఱెపిల్లలకు స్టెరాయిడ్ జాతి మందు ఇచ్చెను. అంత ముందుగా పుట్టిన పిల్ల చచ్చిపడియుండవలసినది, ఊపిరి పీల్చుచు కనబడెను! 1969లో దీనిని ప్రకటించెను. ఏవరీ ఈ వార్తను విని ఊరకుండలేదు. తన సహచరులతో గొఱ్ఱెపిల్లలపైనను, కుందేళ్లపైనను పరీక్షించి, స్టెరాయిడ్ మందు ఊపిరితిత్తులను త్వరగా పక్వము చేయుచున్నదని 1970, 1971 సంవత్సరములలో రూఢిచేసెను. 1972లో లిగిన్స్, రాస్ హోవీ గార్లు 282 మంది తల్లులపై జరిపిన పరీక్షను వెల్లడించిరి. మందు పొందిన తల్లుల శిశువులలో నూటికి 9 మందికి మాత్రమే ఈ శ్వాసరోగము వచ్చెను. పొందనివారిలో నూటికి దాదాపు 26 మందికి వచ్చెను. మందు చౌక, సూదిమందు, ఏ ఆసుపత్రిలోనైన దొఱకును. అయినను వైద్యలోకము దానిని మనసార అంగీకరించుటకు ఇరువదియేండ్లు పట్టెను. అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థ అందఱికిని ఇయ్యవలెనని చెప్పినది 1994లోనే. విలువైన యంత్రమునకు వెంటనే తలుపు తీయుదుము గాని చవుకమందును గుమ్మములో నిలబెట్టి ప్రశ్నలడుగుదుము.

ప్రశ్నలడుగుట తప్పని మా యభిప్రాయము కాదు. 2015లో మనదేశముతోకూడ ఆఱు దేశములలో పల్లెపట్టులందు ఈ మందును విరివిగా ఇచ్చి చూడగా, శిశుమరణములు తగ్గుటకు మాఱుగ కొంచెము హెచ్చినవి: మందు ప్రచారము లేనిచోట వేయింటికి సుమారు 24, ఉన్నచోట 27. ఏలన, నెలలు సరిగా లెక్కింపనందున అవసరములేని తల్లులకుకూడ మందు చేరెను. శిశువును కాపాడు సాధనములును అన్నిచోట్ల లేకుండెను. 2020లో మనదేశముతోకూడ అయిదు దేశముల ఆసుపత్రులలో 2,852 మంది తల్లులను, గర్భపు వారములను యంత్రముతో నిర్ణయించి, జాగ్రత్తతో పరీక్షించినపుడు అదే మందు మేలుచేసెను: పొందినవారి శిశువులలో నూటికి 19.6, పొందనివారిలో 23.5 మరణములు. ఒకే మందు, రెండు ఫలితములు. నడుమనున్న భేదము నెలల లెక్కయును, ఆసుపత్రి నీడయును. మనదేశప్రభుత్వము 2014లోనే, నెలలు నిండక నొప్పులు వచ్చిన తల్లిని పెద్ద ఆసుపత్రికి పంపుటకు ముందు మొదటి సూదిమందు నిచ్చుటకు గ్రామములలోని ఎ.ఎన్.ఎమ్. లకు అనుమతి నొసగినది.

కావున గర్భిణి తాను కడపట ముట్టయిన తేదీని వ్రాసియుంచుకొనుట చిన్నపని కాదు. పంచాంగము గోడకు వ్రేలాడుచునే యున్నది. పాలవాని లెక్క, చాకలిపద్దు దానిపై గీసికొనుచునే యున్నాము. ఆ తేదీప్రక్కన ఒక గీటు గీయుటకు సిగ్గేల?

సర్ఫాక్టెంటు కథ మిగిలియున్నది. 1972లో ఎన్‌హార్నింగ్, రాబర్ట్‌సన్ అనువారు నెలతక్కువ కుందేటిపిల్లల గాలిగొట్టమునందు సహజమైన ఆ ద్రవ్యమునే పోసి, ఊపిరితిత్తులు విచ్చుకొనుట చూపిరి. 1980లో జపానుదేశమున ఫుజివారా తెత్సురో అను వైద్యుడు ఆవు ఊపిరితిత్తులనుండి తీసి శుద్ధిచేసిన ద్రవ్యమును పదిమంది శిశువులకు గొట్టముద్వారా ఇచ్చెను. నీలివర్ణముననున్న శిశువులు కొలది గంటలలోనే గులాబిరంగు దేఱిరి. 1990లో అమెరికాప్రభుత్వము క్లెమెంట్స్ గారు రూపొందించిన కృత్రిమద్రవ్యమును అనుమతించెను. నేడు ఎక్కువగా వాడబడునవి ఆవు లేక పంది ఊపిరితిత్తులనుండి తీసినవే. ఈ మాట విని కొందఱు పాఠకురాండ్రు ఉలికిపడుదురని మేమెఱుగుదుము. మా యింటిలోను ఆచారము తక్కువ కాదు. ఆచారము పెద్దలకు, మూడు పిడికిళ్ల పసికందు ఊపిరికై తల్లడిల్లుచుండగా ప్రాణరక్షణమునకు మించిన ధర్మము లేదని మా నిశ్చయము.

మందులు యంత్రములు పెరిగిన కొలదిని క్రొత్త యిబ్బంది పుట్టెను. యంత్రముతో బలవంతముగా గాలి నింపుటచే బ్రతికిన శిశువులలో కొందఱి ఊపిరితిత్తులు పుండ్లుపడి, వారు నెలల తరబడి ప్రాణవాయువుపై ఆధారపడవలసివచ్చుచుండెను. ఏవరీ తన కీర్తిని నమ్ముకొని కూర్చుండక మరల పుస్తకములు తిరుగవేసెను. ఎనిమిది ఆసుపత్రుల లెక్కలను సరిపోల్చి 1987లో ప్రకటించెను. న్యూయార్కులోని కొలంబియా ఆసుపత్రిలో ఇట్టి దీర్ఘరోగము అన్నింటికన్న తక్కువగ నుండెను. అచ్చటివారు పుట్టినది మొదలు ముక్కునకు చిన్న గొట్టములు అమర్చి మెత్తని ఒత్తిడితో గాలి నిచ్చుచు, పెద్దయంత్రమును సాధ్యమైనంతవఱకు దూరముంచెడివారు. తమ ఆసుపత్రికన్న మఱియొకరి ఆసుపత్రి మేలని లెక్కలతో చాటుట పండితులలో సాధారణముగ జరుగు పని కాదు. ఈమె బోస్టనువారి ఆసుపత్రికి పెద్ద. 1974లో ఆ శిశువుల ఆసుపత్రికి ప్రధానవైద్యురాలైన మొదటి స్త్రీ. అయినను ఆమె వెనుదీయలేదు.

ఈమె రచనలు పెక్కులు. 1964లో నవజాతశిశువుల ఊపిరితిత్తుల వ్యాధులపై ఒక గ్రంథము వెలువరించెను. నెలలు నిండిన శిశువులకు ఊపిరితిత్తులలోని ద్రవము ఆలస్యముగ తొలగుటచే వచ్చి తనంతట తానే నయమగు శ్వాసవేగమును 1966లో వేఱుచేసి వర్ణించెను. దానివలన అనవసరమైన భయము తగ్గెను. 1990లో మఱియొక వ్యాసమున, అతిసారమునకు ఉప్పు, చక్కెర కలిపిన నీటిని నోట ఇచ్చు చికిత్సను అమెరికా వైద్యులు నిర్లక్ష్యము చేయుచున్నారని మందలించెను. 1971లో బంగ్లాదేశపు కాందిశీకులు బనగాము శిబిరమున కలరాచే పడిపోవుచుండగా ఆ చికిత్సను పెద్దయెత్తున వాడి ఋజువుచేసినవాడు మనదేశీయుడైన దిలీప్ మహలనోబిస్ గారు. మన నేర్పును వారి దేశమునకు సిఫారసు చేసిన యీమెపై మాకు మఱింత అభిమానము కలుగుట సహజము. 1991లో అమెరికా జాతీయ విజ్ఞానపతకము ఆమెకు లభించెను. ఆమె పరిశోధనలు ఆరంభించిన కాలమున ఏటేట పదివేల పసిబిడ్డలను కబళించిన వ్యాధి, ఆమె జీవితము ముగియునప్పటికి ఆ దేశమున ఏటికి వేయిలోపునకు దిగెను.

ఎనిమిదవ నెల మాటకు ఇప్పుడు జవాబు చెప్పవచ్చును. ఏడవ నెల శిశువుకన్న ఎనిమిదవ నెల శిశువునకు సర్ఫాక్టెంటు ఎక్కువ. కావున ప్రతి వారము గడిచినకొలదిని ఊపిరి సులువగును గాని కష్టము గాదు. మఱి ఆ నానుడి ఎట్లు పుట్టెను? ఏడవ నెలలో పుట్టి బ్రతికిన యొకనిని ఊరంతయు వింతగ చెప్పుకొనును. పోయిన పదిమందిని గూర్చి ఎవ్వరును చెప్పరు. ఎనిమిదవ నెల శిశువులు సంఖ్యలో హెచ్చు గనుక పోయినవారును లెక్కకు హెచ్చుగ కనబడిరి. ఇది మా యూహ మాత్రమే.

మనదేశమున 2020వ సంవత్సరమున సుమారు ముప్పదిలక్షలమంది శిశువులు నెలలు నిండక పుట్టిరి. ప్రపంచమున ఏ దేశమునను ఇంతమంది లేరు. పుట్టిన శిశువు నిమిషమునకు అఱువదికి మించి ఊపిరి తీయుచున్నను, ముక్కుపుటములు అదరుచున్నను, ఎదురుఱొమ్ము లోనికి గుంటపడుచున్నను, మూలుగుచున్నను, పెదవులు నల్లబాఱినను ఒక్క గడియ జాగుచేయరాదు. బిడ్డను తల్లి ఱొమ్మునకు ఒంటికి ఒల్లు తగులునట్లు కట్టి, పైన వస్త్రము కప్పి, వెచ్చగ నుంచి, నవజాతశిశువుల ప్రత్యేకవార్డు గల ఆసుపత్రికి కొనిపోవలయును. అట్టి వార్డులు నేడు జిల్లా ఆసుపత్రులలో కలవు. అచ్చట ముక్కుగొట్టము రెండవకొనను ఒక నీటిసీసాలో ముంచియుంచుట చూడవచ్చును. గొట్టము నీటిలో అయిదు సెంటీమీటర్లు మునిగినచో శిశువు ఊపిరితిత్తులపై అంతే ఒత్తిడి నిలుచును. సీసాలో బుడగలు లేచుచున్నంతసేపు గాలి సరిగా పోవుచున్నదని దాది దూరమునుండియే తెలిసికొనును.